మాకూ ఓ బస్సుల్లేని బస్సు దారి కావాలి

మహారాజశ్రీ పాలకుల సముఖమునకు, ఖరగ్‌పూర్ రైల్వే టౌన్ తెలుగువాళ్ళం చేసుకునే విన్నపం: మాకూ ఒక బీఆర్‌టీఎస్, అంటే బస్సులకే విడిగా ఓ దారి, మంజూరు చేయండి. బస్సులు మాత్రం వద్దు. వాటితో పనిలేదని ఆంధ్రాలో మీ సాటివారు నిరూపించేశారు.

విజయవాడ సత్యనారాయణపురమే చూడండి. అక్కడ పాత రైలు పట్టాలు పీకించి, ఆ జాగాలో బీఆర్‌టీఎస్ రోడ్డు వేశారు. నడుమ బస్సులకని విడిగా దారి, అటూ ఇటూ కమ్మీల కంచె. అన్నీ అమరాయి, బస్సు తప్ప. పొద్దున్నే వాకింగువాళ్ళు, సాయంత్రమైతే టిఫిన్ బళ్ళు. అడ్రసు చెప్పుకోవడానికి పేరు ఎలాగూ ఉంది. మా ఊళ్ళో పట్టాలేసి బండి నడపకపోతే చార్జిషీటు చేతిలో పెడతారు. మీ పాలకుల దగ్గర దారేసి బస్సు నడపకపోతే శిలాఫలకం పెడతారు!

విశాఖ ఇంకా ఘనం. ఒకటి పెందుర్తి వైపు, ఒకటి సింహాచలం వైపు, రెండు కారిడార్లు. సింహాచలం దారి దేవస్థానం భూముల దగ్గర ఏళ్ళ తరబడి ఆగింది. అప్పన్న కొండ దిగొచ్చి సంతకం పెడతాడనుకున్నారు కాబోలు. ఢిల్లీవాళ్ళు అంతకన్నా చురుకు: 2008లో మొదలైన 5.8 కిలోమీటర్ల బస్సు దారిని 2016లో కూల్చడం మొదలుపెట్టారు. కట్టినందుకో బిల్లు, కూల్చినందుకో బిల్లు.

పాపం, ఈ కిటుకు మొరాకోవాళ్ళకు తెలియదు. మరాకేష్‌లో 2017లో విడి దారి వేసి, దాంట్లో నిజంగానే కరెంటు బస్సులు తిప్పారు. కాసాబ్లాంకాలో 2024లో రెండు లైన్లు తెరిచి, వాటిలోనూ బస్సులే నడుపుతున్నారు. ఎంత అమాయకులు!

ఎక్కకముందే టికెట్, బస్సు గుమ్మానికి సమానంగా ప్లాట్‌ఫాం, అడ్డంరాని దారి, ఒకదాని వెనక ఒకటిగా బస్సులు. బీఆర్‌టీఎస్ అంటే ఇంతేగా? రైల్వేలో పుట్టి పెరిగినవాళ్ళకు ఇదేమన్నా బ్రహ్మవిద్యా? 1072 మీటర్ల మా ప్లాట్‌ఫాం ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనది. ఆ రికార్డును 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి ఎగరేసుకుపోయాయి. బస్సు రాని బస్టాపుల్లోనైనా మా పరువు నిలబెట్టండి. రోడ్ల ఇంజినీరింగు బోధించే ఐఐటీ 1951 నుంచీ మా పక్కనే ఉంది. రైలు దిగి అక్కడికి వెళ్ళాలంటే మాత్రం టోటో అనే ఈ-రిక్షావాడితో బేరమాడాల్సిందే.

అసలు గుట్టు మాకూ తెలుసులెండి. సిమెంటు పోస్తే ఒకేసారి బిల్లు, రిబ్బను, ఫొటో. బస్సు నడిపితే రోజూ డీజిలు, జీతం, నష్టం. దారి వేసేది ఒకరు, బస్సు నడపాల్సింది ఇంకొకరు. అడిగితే ఒకరి మీద ఒకరు చెప్పి చేతులు దులుపుకుంటారు.

అందుకే ఒక్క షరతు. ఆ దారిలో ఏడాదిపాటు పది నిమిషాలకో బస్సు తిరిగాకే కాంట్రాక్టరుకు ఆఖరి బిల్లు, మీకు శిలాఫలకం. షరతు గొంతు దిగకపోతే కారిడారు మీరే ఉంచుకోండి. స్టేషన్ దగ్గరి బోగ్దా నుంచి నాలుగు మామూలు బస్సులు వేళకు పంపండి, చాలు.

ఇట్లు
తమ విధేయులు,
టోటోలో సగం సీటు మీద వేలాడుతున్న ఓటర్లు