విదేశానికి ఏ కాలంలో పోవాలి: రఘునాథపల్లి వారికి తిరుగులేని చిట్కాలు

విదేశం పోయేముందు అక్కడ ఎండెంత, వానెంత, మంచెంత అని ఆరా తీయాలని కొందరు చెబుతారు. వాళ్ళకు వేరే పని లేదు. మనకుంది. ఆ పని తప్పించుకోవడానికే కదా పోయేది! కాబట్టి ఆ దేశంలో ఏ కాలం బాగుంటుందన్న సంగతి వదిలేయండి. మన జనగామ జిల్లా రఘునాథపల్లిలో ఏ కాలంలో నడుము విరుగుతుందో, అదే విమానమెక్కడానికి మంచి కాలం.

1. పంట చూసి తేదీ పెట్టండి. దసరా దాటిందంటే పత్తి పగులుతుంది. ఏరడానికి కూలీలు దొరకరు. దొరికినవాళ్ళు కిలోకు ఇంత అని బేరం పెట్టి, పక్క చేనువాడు ఒక రూపాయి ఎక్కువిస్తే అటు పోతారు. సరిగ్గా అప్పుడే వానకాలం వడ్లు కోతకొస్తాయి. కొనుగోలు సెంటర్‌లో కుప్ప పోసి, తేమ 17 శాతానికి దిగేదాకా పొద్దున టార్పాలిన్ తీయడం, రాత్రి కప్పడం, మబ్బు పడితే మళ్ళీ ఉరకడం. ఇదంతా ఎవరు పడతారు? నవంబర్ మొదటి వారానికి టికెట్ తీయండి. "బిడ్డను చూడక రెండేండ్లాయె, పాణం కొట్టుకుంటున్నది" అని తమ్ముడి ముందు కండ్లు తుడుచుకోండి. తమ్ముడు ఏమీ అనలేడు. మరదలు అంటుంది. ఆమె నోరు తెరిచేలోపు మీరు శంషాబాద్‌లో ఉండాలి.

2. వియ్యపురాలితో వంతుల దగ్గర పోట్లాడకండి. అమెరికాలో కోడలికి కాన్పు అయితే మన ఇళ్ళల్లో పద్ధతి తెలిసిందే. విజిటర్ వీసా మీద దిగినవాళ్ళకు మామూలుగా ఆరు నెలల గడువు ఇస్తారు. అందుకని ఆరు నెలలు అమ్మాయి అమ్మానాన్నలు, ఆరు నెలలు అబ్బాయి అమ్మానాన్నలు. ఇక్కడే తెలివి చూపాలి. మే నుంచి అక్టోబర్ దాకా ఉన్న వంతును వియ్యపురాలికి దానం చేయండి. ఆమె నయాగరాలో పడవెక్కి నీలం రెయిన్‌కోటులో ఫొటో పెడుతుంది, పెట్టనివ్వండి. జూలైలో తానా సభలకు పట్టుచీర కట్టుకొని పోతుంది, పోనివ్వండి. మీరు నవంబర్ నుంచి ఏప్రిల్ వంతు పట్టండి. మీరు పోయేసరికి నయాగరా పడవలను ఒడ్డున కట్టేస్తారు. షికాగోలో డిసెంబర్‌లో సాయంత్రం నాలుగున్నర కాకముందే పొద్దు గూకుతుంది. పొద్దు గూకినాక ఎవరినీ ఎక్కడికీ తీసుకుపొమ్మని అడగక్కర్లేదు, మిమ్మల్ని ఎవరూ రమ్మనరు. రాత్రి పెద్దది, నిద్ర పెద్దది. వియ్యపురాలికి ఈ సుఖం ఎన్ని జన్మలెత్తినా దక్కదు.

కొడుకు ఫోన్ చేస్తాడు. "బాపూ, గిప్పుడు వద్దు, ఏప్రిల్‌ల రా, మంచిగుంటది" అంటాడు. పిల్లల మాట వినడం మొదలుపెడితే దానికి అంతుండదు. "మన జనగామల చలి లేదారా? నాకు నేర్పుతున్నవా?" అని పెట్టేయండి.

3. టికెట్ ముందే కొనకండి. ముందు కొనేవాళ్ళు భయస్తులు. ఎనుమాముల మార్కెట్లో రేటు వస్తుందని మిర్చిని కోల్డ్ స్టోరేజీలో ఆపినట్టు టికెట్‌ను కూడా ఆపండి. క్రిస్మస్ సెలవులు దగ్గరపడే కొద్దీ ధర పెరుగుతుంది. పెరిగిందంటే రేపో మాపో దిగాల్సిందే, ఇది లెక్క. మరీ పెరిగితే కొడుకు క్రెడిట్ కార్డు ఉండనే ఉంది. నవంబర్‌లో అనుకున్న ప్రయాణం ఇట్లా డిసెంబర్ చివరికి జరుగుతుంది. కంగారు పడకండి, ఆ నెలకు ఇంకో లాభముంది. అది కింద చెప్తాను.

4. ఢిల్లీ మీదుగా పోయే విమానమే పట్టండి. డిసెంబర్ ఆఖరు, జనవరి నెలల్లో ఢిల్లీని పొద్దున పూట పొగమంచు కమ్ముతుంది. విమానాలు ఆలస్యమవుతాయి, కొన్ని వేరే ఊళ్ళకు మళ్ళుతాయి. మీరు రెండు విమానాల మధ్య గంటంబావు మాత్రమే ఉంచుకోండి. రెండు టికెట్లూ విడివిడిగా, వేర్వేరు కంపెనీలవి కొంటే ఇంకా చౌక. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే ఎవరికీ బాధ్యత ఉండదు, మీరూ ఎవరికీ రుణపడరు. ఎయిర్‌పోర్టు కుర్చీలో పడుకొని ఊరికి ఫోన్ చేసి "ఢిల్లీ కూడా చూసినం" అని చెప్పుకోవచ్చు. ఒక్క యాత్ర ఖర్చుతో రెండు.

5. వారశూల చూడండి, వాతావరణం కాదు. శుక్ర, ఆదివారాలు పడమటికి పోకూడదు, సోమ, శనివారాలు తూర్పుకు, మంగళ, బుధవారాలు ఉత్తరానికి, గురువారం దక్షిణానికి. బాగుంది. ఇప్పుడు లెక్క కట్టండి. అమెరికా పడమర కాబట్టి శుక్ర, ఆదివారాలు కుదరవు. కానీ ఢిల్లీ ఉత్తరం, అందుకని మంగళ, బుధవారాలూ పోయినట్టే. శంషాబాద్ రఘునాథపల్లికి నైరుతి మూల, గురువారం అనుమానమే. మిగిలిన రోజుల్లో ఒకటి రాహుకాలం, ఒకటి అమావాస్య తినేస్తాయి. ఇంత వడపోసిన తర్వాత మిగిలే తేదీకి టికెట్ ధర రెట్టింపు ఉంటుంది. మంచి ముహూర్తం ఊరికే రాదు.

6. బట్టల మీద డబ్బు తగలేయకండి. హన్మకొండలో చలికాలం వెలిసే స్వెట్టర్ల దుకాణంలో ఒకటి, మంకీ క్యాపు ఒకటి. చాలు. 2019 జనవరి 30న షికాగోలో మైనస్ 30 డిగ్రీల కిందకు పోయిందట. పోనీ. మీరు బయటకు పోతేనే కదా! గుమ్మం ముందు మంచు ఎత్తడానికి కొడుకు పార పట్టుకోగానే మోకాలు పట్టుకోండి. "గీ చలికి నరాలు గుంజుతున్నయి బిడ్డా" అంటే చాలు, పార వాడి చేతిలోనే ఉండిపోతుంది. పాతికేళ్ళు మిమ్మల్ని చూసి నేర్చుకున్నవాడు, వాడికీ తెలుసు, కానీ అనలేడు.

బూట్లు అక్కర్లేదు. మన చెప్పులే. మంచు కరిగి మళ్ళీ గడ్డకట్టిన బాట అద్దంలాగ ఉంటుంది, కంటికి ఏమీ కనబడదు, ఉత్త తడి అనుకుంటాం. దాని మీద పారగాన్ చెప్పులతో రెండడుగులు వేస్తే మూడో అడుగు మీ ప్రమేయం లేకుండానే పడుతుంది. ట్రావెల్ ఇన్సూరెన్స్ మీరు ముందే వద్దనుకున్నారు కాబట్టి ఆసుపత్రి బిల్లు వచ్చినప్పుడు కంపెనీవాళ్ళతో ఫోన్‌లో మాట్లాడే బాధ లేదు. మోకాలి నొప్పి కూడా ఇప్పుడు అబద్ధం కాదు.

7. మంచు ఇష్టం లేనివాళ్ళు డల్లాస్ పోండి. అక్కడ ఎప్పుడూ మన వాతావరణమే అని అందరూ చెబుతారు. 2021 ఫిబ్రవరిలో మంచు తుపాను పట్టి టెక్సాస్‌లో లక్షల ఇళ్ళకు కరెంటు పోయింది, నల్లాల పైపులు పగిలాయి. అలాంటిది మళ్ళీ వస్తే మీ అంత అనుభవం ఎవరికుంది? కరెంటు పోతే ఏం చేయాలో కోడలికి మీరే నేర్పవచ్చు. చలిమంట మాత్రం హాల్లో వేయకండి, అక్కడి ఇళ్ళు కట్టెవి. ఇది నిజమైన సలహా, పొరపాటున దొర్లింది.

8. సంచిలో ఏం పెట్టాలన్నది కూడా కాలాన్ని బట్టే. కొత్త మామిడికాయ తొక్కు ఎండాకాలంలో వస్తుంది, సకినాలు సంక్రాంతికి వస్తాయి. మీరు డిసెంబర్‌లో పోతున్నారు కాబట్టి రెండూ ఉండవు. పాత తొక్కు జాడీ అడుగున మిగిలినది ఊడ్చి, ఒక్క పాలిథిన్ సంచిలో కట్టి, పట్టుచీరల మధ్య పెట్టండి. పెట్టె 23 కిలోలు దాటనివ్వండి, కౌంటర్ దగ్గర విప్పి సర్దుకోవచ్చు. వెనకాల లైను చూసి నవ్వుకుంటుంది, వాళ్ళకూ పొద్దుపోవాలి. పచ్చి కరివేపాకు అమెరికాలోకి రానివ్వరు. కాబట్టి చీర మడతలో దాచి, ఫారంలో ఏమీ లేదని రాయండి. బీగిల్ కుక్క వచ్చి మీ సంచి పక్కన కూర్చుంటే దాన్ని ముద్దు చేయండి. వందల డాలర్ల జరిమానా పడినా, ఆ కరివేపాకు ఎంత విలువైనదో ఊళ్ళో చెప్పుకోవచ్చు.

9. దుబాయ్‌కి జూలైలోనే పోండి. హోటల్ చౌక. ఎండ 45కు అటూఇటూ ఉంటుంది. రోహిణి కార్తె చూసినవాళ్ళం, మనకొక లెక్కా! జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఎండలో కూలి పనులు చేయించొద్దని అక్కడి ప్రభుత్వమే నిషేధం పెట్టింది. అంటే ఆ వేళ రోడ్లు ఖాళీ. సరిగ్గా అప్పుడు బయల్దేరండి. గ్లోబల్ విలేజ్ ఎండాకాలం మూసేస్తారు, అదొక ఖర్చు తప్పింది. హోటల్ కూడా ఎందుకనుకుంటే మన వైపు నుంచి పోయి బిల్డింగులు కట్టే పిల్లవాడొకడు ఉండనే ఉంటాడు. ఆరుగురు పడుకునే రూములో మీరు ఏడోవారు. వాడికి వారానికి దొరికే ఒక్క సెలవూ మిమ్మల్ని తిప్పడానికే అని వాడికి ముందే చెప్పొద్దు, దిగినాక చెప్పండి. తిరిగొచ్చేటప్పుడు వాళ్ళమ్మకు ఇమ్మని వాడిచ్చిన సబ్బులు, టాంగ్ డబ్బా మీ సంచిలో బరువైతే ఎయిర్‌పోర్టులో వదిలేయండి.

10. థాయ్‌లాండ్ ఫుకెట్‌కు మే నుంచి అక్టోబర్ మధ్యలో పోండి. వానలు, అలలు, సగం ధరకు గదులు. సముద్రంలో దిగొద్దని ఒడ్డున ఎర్రజెండాలు పాతుతారు. ఎర్రజెండా చూసి ఆగేవాళ్ళమా? 1946లో కడవెండిలో దొడ్డి కొమురయ్య పడ్డ నాటి నుంచీ దాని వెంట నడిచిన జిల్లా మనది. కాపలావాడు ఈల వేస్తే మీకే సెల్యూట్ అనుకొని చెయ్యెత్తండి.

11. ఉగాదికి బాలి. సోమరితనానికి ఇంతకన్నా గొప్ప క్షేత్రం భూమ్మీద లేదు, అందుకే కాస్త వివరంగా చెప్తాను. బాలి హిందువులు కూడా శక సంవత్సరం పాటిస్తారు. వాళ్ళ సంవత్సరాది పేరు న్యెపి, అది కొన్ని ఏళ్ళలో మన ఉగాదికి కూతవేటు దూరంలో వస్తుంది; 2023లో రెండూ మార్చి 22నే పడ్డాయి. ముందు రోజు సాయంత్రం పెద్ద పెద్ద రాక్షస బొమ్మలు ఊరేగిస్తారు. మర్నాడు పొద్దున ఆరు నుంచి ఆ మరుసటి రోజు పొద్దున ఆరు దాకా దీవి మొత్తం మౌనం. దీపం వెలిగించకూడదు, పని చేయకూడదు, వీధిలోకి రాకూడదు. విమానాశ్రయం కూడా పూర్తిగా మూసేస్తారు. పర్యాటకులకు కూడా మినహాయింపు లేదు, హోటల్ దాటితే ఊరి కాపలాదార్లు మర్యాదగా లోపలికి పంపుతారు.

మూడు రోజుల ప్యాకేజీ తీసుకోండి. మొదటి రోజు రాత్రి దిగండి, రెండో రోజు న్యెపి, మూడో రోజు తిరుగు ప్రయాణం. హోటల్‌లో కిటికీ పరదా వేసుకొని పడుకోవడానికి ఇంత డబ్బు పెట్టిన మనిషి జనగామ జిల్లాలో ఇంకొకరు దొరకరు. ఇంట్లో ఉంటే ఉగాది పచ్చడికి వేపపువ్వు కోసుకు రమ్మని చెట్టెక్కించేవాళ్ళు.

12. యూరప్‌ది, మెల్‌బోర్న్‌ది గబగబా చెప్తాను. షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు. కనీసం పదిహేను రోజుల ముందైనా ఇవ్వాలి. పదహారో రోజున ఇవ్వండి. ఆగస్టులో పోతే ఇటలీలో సగం దుకాణదారులు వాళ్ళే సెలవు మీద పోయి ఉంటారు, మూసిన షట్టర్ల ముందు ఫొటోలు బాగా వస్తాయి. మెల్‌బోర్న్ పోయేవాళ్ళు మన ఎండాకాలం సెలవులు చూసి జూన్‌లో పల్చటి లాల్చీలతో దిగండి. అక్కడ అప్పుడు చలికాలమని దిగినాక తెలుస్తుంది, ముందే తెలుసుకుంటే మజా ఏముంది?

13. అమెరికా గడువు దాటించండి. పైన దాచిపెట్టిన లాభం ఇదే. డిసెంబర్ చివర్లో దిగారు, జూన్ చివరికి గడువు అయిపోతుంది. అప్పుడే ఊళ్ళో నాట్లు మొదలు, ఎవడు పోతాడు? ఆగిపోండి. గడువు దాటి 180 రోజులకు మించి ఉండి బయటికొస్తే మూడేళ్ళ దాకా అమెరికాలో అడుగు పెట్టనివ్వరు. ఏడాదికి మించితే పదేళ్ళు. 180 రోజులు దాటాలంటే మళ్ళీ డిసెంబర్ ఆఖరు వస్తుంది. చూశారా, రెండో పత్తి కూడా ఏరకుండానే గడిచిపోయింది! మూడేళ్ళ దాకా ఏ కాలంలో పోవాలన్న బెంగ లేదు. వియ్యపురాలు మాత్రం ఏటేటా మే నెలలో పెట్టె సర్దుకోవాలి, పాపం.

ఊరికొచ్చేసరికి మీ చేను తమ్ముడు దున్నుకుంటూ ఉంటాడు. గట్టు జరిగి ఉంటుంది. అడగొద్దు. అడిగి గెలిస్తే మళ్ళీ పత్తి మీ మీదే పడుతుంది.

14. ఇక మీరే పదిమందికి దారి చూపాలి. పక్కింటాయన కొడుకు ఈమధ్యే న్యూజెర్సీ పోయాడు. ఆయన వచ్చి అరుగు మీద కూర్చొని "ఎప్పుడు పోతే మంచిదే, అన్నా?" అంటాడు. మోకాలు సర్దుకుంటూ "జనవరి" అనండి. చలికి ఏం కొనాలి అంటే లోపలికి పోయి మీ స్వెట్టరు తెచ్చి చూపించండి. కొన్న ధరకే ఇవ్వండి, మంకీ క్యాపుకు వేరే తీసుకోండి.