పద్దెనిమిది ప్లస్ పద్దెనిమిది

లారీకి బ్యాటరీలు రెండుంటాయని లారీ లేనివాళ్లకు తెలియదు. అదృష్టవంతులు. కారుకైతే 12 వోల్టులది ఒకటి చాలు. పది టన్నుల ధాన్యం వీపున వేసుకుని పడుకున్న డీజిల్ ఇంజన్ లేవాలంటే 24 కావాలి. అందుకని 12ది ఒకటి, 12ది ఇంకొకటి వరసగా కలిపి ఛాసిస్ పక్కన ఇనప పెట్టెలో కూర్చోబెడతారు. ఒక్కోటీ ఒక్కడు ఎత్తబోతే నడుం పట్టేసేంత బరువు. ఒకే రోజు, ఒకే కంపెనీ, ఒకే నెల తయారీ చూసి మరీ కొంటాం, జోడెద్దుల్ని కొన్నట్టు. కాడికి కట్టాక గానీ తెలియదు, ఆ రెంటికీ పొసగదని. ముఖ్యంగా పోయే విషయంలో.

మాది ఒంటి లారీ సంసారం. మా నాన్న హయాంలో కొన్న బండి ఎప్పుడో తుక్కుకి పోయింది, ఆయన పెట్టుకున్న డ్రైవరు మాత్రం మిగిలాడు. నేను ఆయన్ని బాబాయ్ అంటాను, ఆయన నన్ను చినబాబూ అంటాడు. జీతం నేనిస్తాను, మాట ఆయనది చెల్లుతుంది. బ్యాటరీలు కొనడానికి ఇద్దరం కలిసే విజయవాడ ఆటోనగర్‌కి వెళ్లాం. విడి భాగాలు మూటగట్టుకెళ్తే లారీగా బిగించి పంపే చోటు అది. లారీగా తీసుకెళ్లి కాసేపు కళ్లు మూసుకుంటే విడి భాగాలుగా తిరిగొస్తుందని కిట్టనివాళ్లు అంటారు.

షాపులో అడుగు పెట్టీ పెట్టగానే "రండన్నగారూ, కూర్చోండి, టీ చెప్పాను" అన్నాడు షాపాయన. ఫ్యాను మావైపు తిప్పాడు. "పద్దెనిమిది ప్లస్ పద్దెనిమిది. మొత్తం ముప్పయ్యారు నెలలు. బ్యాటరీ అనేది ఒకటుందన్న సంగతే మర్చిపోండి" అన్నాడు.

మా లెక్కల మాస్టారు ప్లస్ గుర్తుకి అటూ ఇటూ ఒకే జాతి వస్తువులుండాలని చెప్పేవారు. మామిడికాయల్నీ మండ్రగబ్బల్నీ కూడకూడదు. వారంటీ కార్డులో కూడతారు. మొదటి 18 నెలల్లో బ్యాటరీ పోతే ఉచితంగా ఇంకోటి ఇస్తారు. తర్వాతి 18లో పోతే ప్రోరేటా. అంటే వాడుకున్న కాలానికి మన దగ్గర వసూలు చేసి, మిగిలిన కాలానికి తగ్గింపు ఇస్తారన్నమాట. ఆ తగ్గింపు నెలనెలా కరిగిపోతుంటుంది. ఏ నెలకి ఎంత కరిగిందో కార్డు వెనక పట్టిక ఉంది. భూతద్దం ఉన్నవాళ్లు చదువుకోవచ్చు.

బ్యాటరీ ఆయుష్షు లెక్క కట్టేది 25 డిగ్రీల వేడి దగ్గర. ఆపైన ప్రతి పది డిగ్రీలకీ ఆయుష్షు ఇంచుమించు సగానికి పడిపోతుందని ఆ విద్య తెలిసినవాళ్లు చెబుతారు. బెజవాడ రోహిణీ కార్తెలో, తారు రోడ్డుకి మూరెడు ఎత్తున, ఇనప పెట్టెలో మగ్గే బ్యాటరీకి ఎన్ని సగాలు పోతాయో నేను లెక్క వేయలేదు. కార్డు మీద 18 అని అచ్చు వేసినవాడు వేసే ఉంటాడు.

మొదటిది పదిహేడో నెలలో పడింది. హైదరాబాదులో లోడు దింపి వస్తూ సూర్యాపేట దగ్గర దాబాలో ఆగాడు బాబాయ్. తెల్లారకుండానే ఫోను. "చినబాబూ, సెల్ఫ్ కొడితే టిక్కుమని ఊరుకుంటంది."

"తోయించు బాబాయ్."

"ఎవురు తోస్తారు? ఇదేమన్నా స్కూటరా?"

చివరికి పక్క లారీవాడి బ్యాటరీ నుంచి వైర్లు తగిలించి స్టార్టు చేశారు. అక్కణ్ణుంచి విజయవాడ దాకా ఇంజన్ ఆపలేదు. టోల్‌గేటు క్యూలో ఆపలేదు, టీ తాగుతూ ఆపలేదు, ఆటోనగర్లో ఎలక్ట్రీషియన్ ఇంకా షట్టరు ఎత్తలేదని తెలిసీ ఆపలేదు. వారంటీలో ఈ డీజిలు ఖర్చుకి కాలమ్ లేదు.

ఎలక్ట్రీషియన్ వచ్చి, మూతలు విప్పి, హైడ్రోమీటరు పెట్టాడు. గాజు గొట్టం, పైన రబ్బరు బుడగ, లోపల తేలే చిన్న పుల్ల. బుడగ నొక్కి వదిలితే యాసిడ్ పైకొస్తుంది, పుల్ల ఎంత ఎత్తున తేలితే గ్రావిటీ అంత ఉన్నట్టు. మొదటి గదిలో 1240. రెండోది, మూడోది అంతే. నాలుగో గదిలో పుల్ల అడుక్కి కూలబడి మళ్లీ లేవలేదు. ఫోన్లలోకి లిథియం వచ్చింది, బస్సులు కరెంటుతో తిరుగుతున్నాయి. లారీ పెట్టెలో మాత్రం 1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే కనిపెట్టిన సీసం, గంధకామ్లాల కూర్పే ఇప్పటికీ నడుస్తోంది. బ్యాటరీకి ఆరు గదులు, గదికి రెండు వోల్టుల పైచిలుకు. ఆరింట్లో ఒక గది పడుకుంటే మిగిలిన అయిదూ ఎంత మంచివైనా లాభం లేదు.

"ఎడమది సెల్లు పోయింది. దేనికి పోయిందో మీ డ్రైవరుగారిని అడగండి" అన్నాడు ఎలక్ట్రీషియన్.

బాబాయ్ ఆకాశం వైపు చూశాడు.

సంగతేమిటంటే, క్యాబిన్లో పాటల పెట్టె, దోమలు తోలే చిన్న ఫ్యాను 12 వోల్టులవి. బండి 24ది. అందుకని ప్రతి డ్రైవరూ రెండు బ్యాటరీల నడిమధ్య నుంచి ఒక తీగ లాగి, ఒక్క బ్యాటరీ మీదే ఈ కాపురం నడుపుతాడు. డైనమోకి ఈ లోపాయికారీ వ్యవహారం తెలియదు. అది రెంటినీ కలిపి ఒకటే 24 అనుకుని సమానంగా చార్జింగ్ ఇస్తుంది. దాంతో పాట పాడే బ్యాటరీకి ఎప్పుడూ చాలదు, పాడనిదానికి ఎప్పుడూ ఎక్కువవుతుంది. ఒకటి ఆకలితో పోతుంది, రెండోది అజీర్తితో పోతుంది. రాత్రుళ్లు దాబా ముందు దోమల్లో పడుకునే మనిషిని ఫ్యాను వేసుకోవద్దని ఏ నోటితో చెప్పను? ఘంటసాల పాటలు ఆపమనడం అసలే కుదరదు, ఆ పెన్‌డ్రైవ్ ఎక్కించి ఇచ్చింది నేనే.

షాపుకి వెళ్లేలోపు బాబాయ్ ఆ తీగ పీకి జేబులో పెట్టుకున్నాడు. షాపు కుర్రాడు బ్యాటరీని చూడగానే టెర్మినల్ మీద తీగ చుట్టిన చోట మెరుస్తున్న గీతని చూశాడు, బాబాయ్ జేబులోంచి బయటికి తొంగిచూస్తున్న ఎర్ర తీగనీ చూశాడు. "అందరూ పెట్టుకుంటార్లే పెద్దాయనా" అని వదిలేశాడు. కంపెనీలు నిలబడేది ఇలాంటి కుర్రాళ్ల దయ వల్లే.

షాపాయన మాత్రం ఈసారి టీ చెప్పలేదు. "కార్డు తెచ్చారా సార్? బిల్లు తెచ్చారా సార్?"

కార్డు మా ఆవిడ బీరువాలో పొలం కాగితాల మధ్య భద్రంగా ఉంది, తెచ్చాను. బిల్లు తెచ్చాను గానీ అది తెల్ల కాగితం. ఇప్పటి బిల్లులు వేడితో అచ్చయ్యే కాగితం మీద వస్తాయి, వేడికే మాయమవుతాయి. బ్యాటరీకి 36 నెలల వారంటీ, బిల్లు మీది అక్షరాలకి ఒక్క వేసవి. అదృష్టం బాగుండి మా ఆవిడ కొన్ననాడే జిరాక్సు తీయించింది. షాపాయన ఆ జిరాక్సు అటూ ఇటూ తిప్పి చూసి, అందులో తప్పు దొరక్క, "సీరియల్ నెంబరు చూపించండి" అన్నాడు.

నెంబరు బ్యాటరీ నెత్తి మీదే ఉంటుంది. దాని మీద యాసిడ్ ఆవిరి, గ్రీజు, హైవే దుమ్ము కలిసి అట్ట కట్టింది. టెర్మినళ్ల దగ్గర తెల్లగా, పచ్చగా పువ్వు పూసింది. కుర్రాడు వంటసోడా నీళ్లలో కలిపి పోశాడు. పువ్వు బుస్సుమని పొంగి, నురగ కట్టి, పెట్టె అంచు మీంచి నేల మీదకి జారింది. పాత బనీను గుడ్డతో తుడిస్తే ఒక్కో అంకే బయటపడింది. చివరిది మూడో ఎనిమిదో తేలలేదు. బాబాయ్ కళ్లద్దాలు పెట్టుకుని "ఎనిమిది" అన్నాడు. కార్డులోనూ ఎనిమిదే ఉంది. ఆయన ముందు కార్డు చూసి చెప్పాడని నా అనుమానం.

ఆ తర్వాత మిషను. రెండు క్లిప్పులు తగిలిస్తే కిర్రుమని చీటీ వస్తుంది. "గుడ్, రీచార్జ్."

"బ్యాటరీ బాగుంది సార్, చార్జింగే లేదు" అన్నాడు షాపాయన.

"అది స్టార్టు చేయలేకే కదండీ మీ దగ్గరికి తెచ్చింది."

"మిషను గుడ్ అంటోంది సార్."

మిషను మాటకి తిరుగు లేదు. రాత్రంతా చార్జింగులో పెట్టి మళ్లీ చూడాలన్నాడు. అందాకా సర్వీసు బ్యాటరీ ఇచ్చాడు. దాని నాలుగు పక్కలా తెల్ల పెయింటుతో పెద్ద పెద్ద అక్షరాల్లో "సర్వీసు" అని రాసి ఉంది, ఎవరూ ఎత్తుకుపోకుండా. ఎత్తుకుపోయేవాడు ఎంత దూరం మోయగలడని ఆలోచిస్తే ఆ జాగ్రత్త అనవసరం. అది తగిలించి సెల్ఫ్ కొడితే మళ్లీ టిక్కు. నా బ్యాటరీ చచ్చింది పదిహేడో నెలలో, ఇది ఎన్ని వారంటీల కింద చచ్చిందో! కుర్రాడు ఇంకోటి తెచ్చి పెట్టాడు.

మర్నాటి చీటీ మీద మార్చమనే వచ్చింది. ఫొటోలు కంపెనీ ఇంజనీరు ఫోనుకి వెళ్లాయి, ఇంజనీరు భోజనానికి వెళ్లాడు, సాయంత్రానికి అనుమతి వచ్చింది. కొత్త బ్యాటరీ అట్టపెట్టెలోంచి దిగింది. పైసా తీసుకోలేదు, అది చెప్పాలి. కార్డు మీద మాత్రం పాత తేదీయే ఉంచారు. ఉచితంగా ఇచ్చిన బ్యాటరీకి మిగిలిపోయిన గడువే వర్తిస్తుందట. నిన్న కంపెనీలోంచి వచ్చిన బ్యాటరీకి మా దగ్గర పదిహేడు నెలల వయసు!

ఎలక్ట్రీషియన్ బిగిస్తూ "కొత్తదాని పక్కన పాతది పెడితే రెండూ పోతాయి. జోడు మార్చాలి" అన్నాడు. నిజమే. కానీ రెండోది ఇంకా పోలేదు. బతికున్నదాన్ని వారంటీలో మార్చరు. జోడుగా అమ్ముతారు గానీ ఒక్కొక్కటిగానే చావాలి, అదీ కార్డు ధర్మం.

కుడివైపుది ఇరవయ్యారో నెలలో పోయింది. అప్పటికి మనం ప్లస్ దాటేశాం. ప్రోరేటా.

షాపాయన పట్టిక చూసి, క్యాలిక్యులేటరు నొక్కాడు. అంకెలు గుండ్రంగా వేసి చెబుతాను. బ్యాటరీ మీద అచ్చు వేసిన ధర 18,000. ఇరవయ్యారో నెలకి 30 శాతం తగ్గింపు. కట్టాల్సింది 12,600. పాత బ్యాటరీ కంపెనీకి అప్పగించాలి. బాగానే ఉందనుకుని జేబులో చెయ్యి పెట్టాను. అంతలో నా పక్కన ఒక ట్రాలీ ఆటో ఆగింది. అందులోంచి ఒకాయన తన చచ్చిన లారీ బ్యాటరీ దించి, అదే మోడలు అడిగాడు. ఆయన దగ్గర కార్డు లేదు, బిల్లు లేదు. ఆ బ్యాటరీ ఎక్కడిదో, ఎప్పటిదో అడిగే నాథుడూ లేడు.

"రండన్నగారూ. మీ కోసం 15 శాతం తగ్గిస్తాను. 15,300. పాతదానికి 3,600 పట్టుకోండి. 11,700 ఇచ్చి తీసుకెళ్లండి."

నేను చెయ్యి జేబులోనే ఉంచి నిలబడ్డాను. వారంటీ ఉన్న నాకు 12,600, ఏమీ లేని ఆయనకి 11,700. కిటుకు రెండు చోట్ల ఉంది. ప్రోరేటా తగ్గింపు అచ్చు ధర మీద ఇస్తారు, బజార్లో ఆ ధరకి ఎవడూ కొనడు. పైగా పాత బ్యాటరీలో చావు లేనిది సీసం. కరిగిస్తే మళ్లీ సీసమే, మళ్లీ బ్యాటరీయే. డీలర్లు పాతవి వెనక్కి తీసుకోవాలని 2001లోనే కేంద్రం రూల్సు పెట్టింది, 2022లో వాటి స్థానంలో కొత్తవి తెచ్చింది. రూల్సు సంగతి ఎలా ఉన్నా ఆటోనగర్లో తుక్కు బ్యాటరీ అంటే రొక్కమే. కార్డు తీసుకొస్తే ఆ రొక్కం కంపెనీకి పోతుంది, తీసుకురాకపోతే మనకే మిగులుతుంది.

"ఏమండీ, ఇదేం వారంటీ?" అన్నాను.

షాపాయన చెడ్డవాడేం కాదు. ట్రాలీ ఆటో వెళ్లేదాకా ఆగి, గొంతు తగ్గించి, "సార్, ఆ కార్డు జేబులో పెట్టేసుకోండి. మామూలుగా కొనండి. మీకే మంచిది" అన్నాడు.

కార్డు జేబులో పెట్టేశాను.

"టీ చెప్పమంటారా అన్నగారూ?" అన్నాడు. ఫ్యాను మావైపు తిరిగింది.

11,700 ఇచ్చాను. కొత్త కార్డు మీద కొత్త తేదీ వేశాడు, ముద్ర కొట్టాడు, పద్దెనిమిది ప్లస్ పద్దెనిమిది. అచ్చంగా ఇరవయ్యారు నెలల నాటి వారంటీని వదులుకుంటే గానీ ముప్పయ్యారు నెలల వారంటీ రాలేదు. ఇక పాటల సంగతి కూడా తేల్చేద్దామని, 24ని 12గా మార్చే కన్వర్టరు ఒకటి చూపించమన్నాను. అది పెడితే రెండు బ్యాటరీల మీదా భారం సమానంగా పడుతుంది. షాపాయన తీసి చూపించాడు. బాబాయ్ తన పెన్‌డ్రైవ్ ఇచ్చి అక్కడే పాట పెట్టించాడు, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

"గుయ్యిమంటంది చినబాబూ. ఘంటసాల వెనక కందిరీగ ఉన్నట్టుంది. మనకొద్దు."

"మరి తీగ మళ్లీ ఎడమదానికే చుడతావా?"

"ఎందుకు? కుడిదానికి చుడతా. కొత్త కార్డు దానిదే కదా."