అడుగుకో లెక్క

బట్టను మీటర్లలో, వజ్రాన్ని క్యారెట్లలో కొలిచే సూరత్‌ ఇప్పుడు పొద్దుటి గాలిని అడుగుల్లో కొలుస్తోంది. డుమస్ రోడ్డులో నడిచేవాళ్ల చూపు చెట్ల మీద ఉండదు, మణికట్టుకున్న అడుగుల వాచీ మీద ఉంటుంది. పదివేలకు నలభై తక్కువైతే ఇంటి గేటు ముందే గానుగెద్దు తిరుగుడు! ఆ పదివేలైనా వైద్యులు రాసిచ్చిన మోతాదు కాదు. 1965లో ఓ జపాన్ కంపెనీ అడుగుల మీటరు అమ్ముకోవడానికి పెట్టుకున్న పేరు. లెక్క ఉంటేనే కదా నాలుగడుగులు ఎక్కువ వేసేది అంటారు. వేస్తారు, కాదనం. డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకురాలు జోర్డన్ ఎట్కిన్ 2016లో చూపిందీ అదే: కొలిస్తే నడక పెరిగింది, నడకలో సరదా తగ్గింది, లెక్క ఆగితే నడవాలన్న ఆసక్తీ జారిపోయింది. షికారు కాస్తా కూలిపని అయిందన్నమాట.

కూలిపని అంటే గుర్తొచ్చింది. లింబాయత్ వైపు మరమగ్గాల మధ్య మన తెలుగు నేతన్న షిఫ్టంతా తిరుగుతూనే ఉంటాడు. ఆయన చేతికి ఆ వాచీ కట్టి చూడండి, సగం షిఫ్టుకే 'శభాష్' అంటూ తెర మీద తారాజువ్వలు వదులుతుంది. కూలి మాత్రం ఇంకా మీటర్ల లెక్కనే.