తాడు తీసి పామ్ నాటుట

ఉత్తర తెలంగాణ ఇండ్ల ముందు పెరిగే మొక్కల్లో పామ్‌ది ప్రత్యేక హోదా. వృక్షశాస్త్రం లెక్కన ఈ కుటుంబంలో సుమారు 2,600 జాతులున్నాయి. తాడు, ఈత, కొబ్బరి, వక్క, ఖర్జూరం, జీలుగ అన్నీ ఇందులోవే. కరీంనగర్, ఆదిలాబాద్ కాలనీల్లో ఈ లెక్క చెల్లదు. అక్కడ పామ్ అంటే కుండీలో వచ్చేది, ఇంగ్లిష్ పేరున్నది, ఎవరూ ఎక్కనిది, తినే కాయ కాయనిది. కాయ కాసి, కల్లు పారి, కమ్మ పందిరికి పనికొచ్చిందంటే అది వట్టి చెట్టు. పామ్ కానే కాదు.

మసక వెలుతురులో తాడును చూసి పామనుకోవడం భ్రాంతికి వేదాంతులు చెప్పే పాత ఉదాహరణ. తెలంగాణలో తాటిచెట్టును తాడు అనే పిలుస్తారు గనుక ఇక్కడ భ్రాంతి ఇంకో మెట్టెక్కింది. పట్టపగలు, జేసీబీ పెట్టి, తాడును పెకిలించి, ఆ గుంతలోనే పామ్ నాటుతారు. శంకరాచార్యులు ఇంత దూరం ఆలోచించినట్టు లేరు.

ఈ సాగు మొదలయ్యేది విత్తనంతో కాదు, రిజిస్ట్రేషన్‌తో. ఊరి పక్క చల్క చేను ఎకరాల లెక్క మాని గజాల లెక్కకు వచ్చిన రోజే గట్టుమీది తాళ్లకు, ఈతచెట్లకు నూకలు చెల్లుతాయి. కల్లు చెట్టు కొట్టాలంటే ఆబ్కారీ శాఖ అనుమతి కావాలనే నిబంధన ఉంది గానీ జేసీబీకి చదువు రాదు. గట్టు చదునై, మొరం రోడ్డు పడి, దానికి రెండు పక్కలా రాయల్ పామ్‌లు నిలబడ్డాక వెంచర్‌కు నామకరణం జరుగుతుంది. పేరులో పామ్ ఉంటుంది, గ్రోవ్ ఉంటుంది, ధర ఎక్కువైతే మెడోస్ కూడా చేరుతుంది. అంతకు ముందు తరతరాలుగా అక్కడే ఉన్న తాటివనానికి ఎవరూ బోర్డు రాయించలేదు. ఆ తాళ్లను నమ్ముకున్న గౌడులు మోకు, ముస్తాదు భుజాన వేసుకుని, కాటమయ్యకు మొక్కి, ఇంకో గట్టు వెతుక్కుంటారు.

తాడు మీద ఇంత కక్ష ఎందుకంటే దానికి ఊరి వాసన, కల్లు వాసన రెండూ ఉన్నాయి. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని సామెత. కొత్తగా డూప్లెక్స్ కట్టినవాడు పాలు తాగే అవకాశాన్ని కూడా వదులుకోవడానికి సిద్ధపడతాడు. వాస్తు చెప్పేవారు ఇంటి ఆవరణలో తాడు ఉండరాదని గట్టిగా చెబుతారు. దాని దాయాది రాయల్ పామ్ గేటుకు అటొకటి ఇటొకటి ఉంటే మాత్రం వారికి ఏ దోషమూ కనిపించదు. వాస్తుకర్త మయుడికి రాయల్ పామ్ పుట్టిల్లు క్యూబా తెలియకపోవడం నర్సరీ వ్యాపారానికి బాగా కలిసొచ్చింది.

గుర్తుపట్టే విద్య ఈ రంగంలో ఇంకా పురుడు పోసుకోలేదు. తూర్పు గోదావరి కడియం నుంచి వచ్చే బండిలో బాటిల్ పామ్ పేరుతో దిగే మొక్కల్లో చాలావరకు రాయల్ పామ్ పిల్లలే. అసలు బాటిల్ పామ్ మారిషస్ పక్కనున్న రౌండ్ దీవిది. కాండం మొదట్లో కుండలా ఉబ్బి ఉంటుంది, నెత్తిన నాలుగైదు ఆకులకు మించి ఉండవు, ఇంటి కప్పు దాటి పోదు. రాయల్ పామ్ కూడా చిన్నతనంలో అడుగున ఉబ్బుతుంది. తేడా తెలియాలంటే పదేండ్లు ఆగాలి. అప్పటికి అది రెండంతస్తులు దాటి, అరవై డెబ్బై అడుగుల వైపు నడుస్తూ ఉంటుంది. పండిన ఆకును తనంతట తానే రాల్చుకోవడం దాని మంచి గుణం. ఇరవై కిలోల దాకా తూగే ఆ ఆకు కింద కారు ఉండటం యజమాని గ్రహచారం. రాయల్ అన్న పేరు చూసి రాజసం అనుకునేవారికి ఒక చిన్న సమాచారం: దాని శాస్త్రీయ నామంలో ఉన్నది రాజు కాదు, రాయ్ స్టోన్ అనే అమెరికా సైన్యపు ఇంజినీరు. 1900లో ఆ పేరు పెట్టారు.

అరెకా పామ్‌ను వక్కచెట్టు అనుకునేవారు ఇంకో వర్గం. వక్క వేరు, ఇది వేరు. ఇది మడగాస్కర్ మొక్క. పాత పేరులోని అరెకా అంగట్లో మిగిలిపోయింది, అంతే. తాంబూలానికి ఎదురుచూసి లాభం లేదు. సాగో పామ్ పేరుతో అమ్మే సైకస్ అసలు పామే కాదు. దాని చుట్టరికం తాడు, కొబ్బరి చెట్లతో కాదు, పైన్, దేవదారు చెట్లకు కొంత దగ్గర. డైనోసార్ల కాలం వంశం. గింజలు విషం. ఇంట్లో కుక్కను పెంచేవారు తెలుసుకోవలసిన ఈ ఒక్క సంగతి నర్సరీ చీటీ మీద ఉండదు. విసనకర్రలా విప్పుకుని నిలబడే ట్రావెలర్స్ పామ్ కూడా పామ్ కాదు. అరటికి దూరపు బంధువు. అది ఎప్పుడూ తూర్పు పడమరలకే విచ్చుకుంటుందని, బాటసారికి దిక్కు చూపుతుందని ఒక కథ ప్రచారంలో ఉంది. ఆ నమ్మకంతో నడిచిన బాటసారి జగిత్యాలకు బయలుదేరి సిరిసిల్ల చేరతాడు.

ఫాక్స్‌టైల్ పామ్ అంటే తెలుగులో నక్కతోక. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో ఒక మారుమూల రాతిగుట్టల మధ్య పెరిగే ఈ చెట్టు 1983 దాకా శాస్త్రానికే అందలేదు. ఇప్పుడు కాలనీకి నాలుగు కనిపిస్తున్నాయంటే నక్కతోక తొక్కింది ఎవరో చెప్పనక్కరలేదు. ఫిష్‌టెయిల్ పామ్ పేరుతో కొనేది చాలాసార్లు మన జీలుగే. దాని కథ కొంచెం విషాదం. జీలుగ జీవితంలో ఒక్కమారే పూతకు వస్తుంది. నెత్తి దగ్గర మొదలై, జడల్లాంటి గెలలు ఏటేటా ఒక్కో మెట్టు కిందికి దిగుతాయి, అడుగుకు చేరాక చెట్టు చచ్చిపోతుంది. జాతి లక్షణం అది. యజమాని మాత్రం ఎదురింటివారి దిష్టి అని తేల్చి గుమ్మడికాయ కడతాడు.

ఇక ఎక్కడ నాటాలన్న ప్రశ్న. ప్రహరీకీ మెట్లకూ నడుమ మూడడుగుల మట్టి ఉంటే చాలు, అందులో డెబ్బై అడుగుల చెట్టు పెట్టవచ్చునని వాడుక. పైన కరెంటు తీగ ఉందా అని చూడటం ఆచారంలో లేదు. ఏడెనిమిదేండ్లకు ఆకులు తీగను తాకుతాయి, లైన్‌మన్ వస్తాడు, నెత్తి నరుకుతాడు. వేప అయితే పక్కనుంచి చిగురించేది. ఒంటి కాండపు పామ్‌కు ప్రాణమంతా మొవ్వులోనే, అదీ ఒక్కటే మొవ్వు. అది పోయాక మిగిలేది సిమెంటు రంగు స్తంభం. దీపావళికి సీరియల్ బల్బులు చుట్టడానికి ఆ స్తంభమూ పనికొస్తుంది గనుక చాలామంది దాన్ని అలాగే ఉంచుతారు.

వింతేమిటంటే భయం మాత్రం వేర్ల మీద. పామ్ వేర్లు పునాదులు పగలగొడతాయని చెప్పి కొబ్బరి మొక్కను పీకేసినవారున్నారు. తాడు అయినా కొబ్బరి అయినా రాయల్ అయినా, ఈ కుటుంబంలో వేరు పుట్టినప్పుడు ఎంత లావుంటుందో చచ్చేదాకా అంతే. గోడను నెట్టే బలం లావెక్కే రావి వేరుది, మర్రి వేరుది. గోడ పగులులో తనంతట మొలిచిన రావిని పీకరాదని దండం పెట్టి, ముందున్న కొబ్బరిని కొట్టిన ఇల్లు ప్రతి వీధిలో ఒకటి దొరుకుతుంది.

ఇంటి లోపలి పామ్‌లకు ఆక్సిజన్ అనే వేరే శాస్త్రం ఉంది. 1989లో నాసా చేయించిన పరీక్షల్లో మూసిన పెట్టెలలో కొన్ని మొక్కలు పెట్టి, గాలిలోని కొన్ని రసాయనాలు తగ్గాయని రాశారు. 2009లో ఢిల్లీకి చెందిన కమల్ మీటల్ ఒక టెడ్ ప్రసంగంలో మనిషికి భుజమెత్తు అరెకాలు నాలుగు కావాలన్నారు. దేశమంతా అరెకా కొన్నది. మనిషికి నాలుగన్న ముక్కను మాత్రం ఎవరూ తలకెక్కించుకోలేదు. అయిదుగురున్న ఇంటికి ఇరవై కావాలి. కొన్నది ఒకటి, అదీ సోఫా వెనుక. 2019లో అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు పాత పరీక్షలన్నీ తిరగేసి, మామూలు ఇంటిలో గాలి రాకపోకలు చేసే శుభ్రతకు సమానంగా మొక్కలు పని చేయాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1,000 దాకా పెట్టాలని లెక్క తేల్చారు. పన్నెండు పదుల గది పదకొండు చదరపు మీటర్లు. అంటే తక్కువలో తక్కువ నూటపది కుండీలు. మనుషులు వరండాలో పడుకోవలసి వస్తుంది, అక్కడ గాలి ఎలాగూ బాగుంటుంది. ఏసీ కోసం కిటికీలు బిగించి, గాలి కోసం కుండీ తెచ్చుకునే పద్ధతిలో ఇంతకన్నా మంచి ఫలితం రాదు.

పోషణ విషయానికి వస్తే కరీంనగర్, ఆదిలాబాద్ పాత జిల్లాల వాతావరణం దాచిపెట్టుకునేదేమీ లేదు. మేలో రామగుండం, ఆదిలాబాద్ 45 డిగ్రీలు దాటుతాయి. చలికాలం రాత్రి ఆదిలాబాద్ ఏజెన్సీలో అయిదు డిగ్రీలు కూడా చూస్తారు. మడగాస్కర్ తడిగాలిలో పుట్టిన అరెకాను మే నెలలో డాబా మీద పెడితే మూడో రోజుకు ఆకు అప్పడం అవుతుంది. నీడలో పెట్టినా కొసలు మాడతాయి. దానికి కారణం చాలావరకు నీళ్లలో ఉప్పే. బోరు నీళ్లు చాలవన్నట్టు ఆర్‌ఓ మిషన్ వదిలేసిన నీళ్లు కూడా పొదుపు పేరుతో కుండీలోకే పోతాయి. మిషన్ మనుషులకు వద్దని వేరు చేసిన ఉప్పంతా అందులోనే ఉంటుంది. ఆ పైన, కొబ్బరికి రాళ్ల ఉప్పు వేస్తే మంచిదన్న మాట ఎవరో చెబుతారు. కొబ్బరి విషయంలో అది నిజమే, దానికి క్లోరిన్ అవసరం. పామ్ అంతా ఒకటే కదా అని గుప్పెడు ఉప్పు అరెకాకు వేస్తారు. ఊరగాయ పెట్టడానికి కావలసినవన్నీ అప్పటికి కుండీలో సమకూరుతాయి.

ఆరుబయటి చెట్లది వేరే బాధ. అడుగు ఆకులు పసుపెక్కి నారింజ మచ్చలు పడితే అది పొటాష్ లోపం. ఇసుక పాలు ఎక్కువున్న ఎర్రనేలల్లో తరచూ వస్తుంది. లోపం ఉన్నప్పుడు చెట్టు తన పాత ఆకుల్లోని పొటాష్‌నే లాగి కొత్త ఆకుకు పంపుకుంటుంది. పాత ఆకు దానికి అటకమీది బియ్యం బస్తా లాంటిది. దసరా శుభ్రతలో ముందు పోయేది ఆ బస్తానే. ఇంటికి సున్నం, చెట్టుకు క్షవరం. పసుపు ఆకులు తీసేస్తే లోపం మరో వరుస పైకి ఎక్కుతుంది, మళ్లీ తీస్తారు. చివరికి నిటారుగా నిలబడ్డ రెండాకులతో చెట్టు బల్లులు కొట్టే చీపురులా మిగులుతుంది. కాండానికి మోకాలెత్తు సున్నం, దాని మీద జాజు పట్టీ వేస్తే శుశ్రూష పూర్తయినట్టు. నెంబరు ప్లేటు, డిష్ తీగ, వినాయక చవితి బల్బులు అన్నిటికీ మేకులు ఆ కాండంలోకే దిగుతాయి. పామ్‌కు బెరడు కింద కొత్త కణజాలం పుట్టే పొర ఉండదు. మామిడికి గాటు పడితే నాలుగేండ్లకు పూడుతుంది, పామ్‌కు పడ్డ గాటు చెట్టున్నంత కాలం అలాగే ఉంటుంది.

విప్పుకున్న ఆకు కత్తెరతో కత్తిరించినట్టు త్రికోణంగా కనిపిస్తే అది కొమ్ము పురుగు పని. ఈ పురుగు పుట్టేది పెంటకుప్పలో. ఎరువు దగ్గరుంటే మంచిదని చెట్టు పక్కనే కుప్ప పోసుకున్నవారు పురుగుకు పురిటిగది కట్టించినట్టే. కుప్ప దూరం జరిపి, మొవ్వు చుట్టూ ఆకుల మొదళ్లలో వేపపిండి, ఇసుక కలిపి పోస్తే చాలావరకు తగ్గుతుంది. ఇంత చవకైన మందు మీద ఎవరికీ నమ్మకం కుదరదు.

ఇంత సేవ అడగనివి గట్టుమీద ఉండేవి. తాటి టెంక పాతితే గేగు ముందు భూమిలోకి లోతుగా దిగి, తరువాతే ఆకు బయటికి వస్తుంది. అందుకే తాడును పీకి నాటడం కుదరదు, నాటిన చోటే పెరగాలి. పోతుతాడో పండుతాడో పూత వచ్చేదాకా తెలియదు, పూతకు పన్నెండు పదిహేనేండ్లు. ఇంటి ఈఎంఐ కన్నా తక్కువే గానీ అంత ఓపిక ఎవరికీ లేదు. 2015లో మొదలైన హరితహారంలో సర్కారు ఈత, తాటి మొక్కలు కూడా నాటించింది. వెంచర్ల బ్రోచర్లలో ఆ బొమ్మలు కనిపించవు.

అయితే ఈతకు మాత్రం ఈమధ్య అదృష్టం తిరిగింది. అమెరికాలో ఫ్లోరిడా తోటలవాళ్లు దాన్ని సిల్వెస్టర్ పామ్ అని ఖరీదుకు అమ్ముకుంటున్నారు. ఆ పేరు ఇక్కడికి చేరింది. గట్టుమీద ఈతగా ఉన్నప్పుడు అడ్డమైన చెట్టే, పేరు మారాక మొదలుకు గోనెసంచి చుట్టుకుని, ఆకులు జుట్టులా పైకి ముడి వేయించుకుని, ట్రాలీ మీద ఊరేగుతూ వెంచర్ గేటుకు వస్తుంది. నాలుగు పక్కలా కర్రలు ఊతమిచ్చి, డ్రిప్పు పైపు పెట్టి, కింద లైటు వేస్తారు. కల్లు గీసిన ఈత కాండం సరళంగా ఉండదు. ఒక ఏడు ఒక పక్క, మరుసటి ఏడు ఎదుటి పక్క గీస్తారు గనుక గాట్లు మెట్లలా అటూ ఇటూ పైకి పోతాయి. గాటుకు ఒక ఏడు చొప్పున లెక్కపెట్టుకోవచ్చు. గేటు దగ్గరి చెట్టు మీద తొమ్మిది ఉంటే, అది తొమ్మిదేండ్లు ఎవరి లొట్టో నింపిందన్నమాట. వాచ్‌మన్‌ను అడిగితే ఇంపోర్టెడ్ అని చెబుతాడు.