షాపు ముందు కాలిబాటకు తలకిందుల సలహాలు

కాంప్లెక్స్ పూర్తయి, ఎలివేషన్‌కు అద్దాలు బిగించి, పైన బోర్డు ఎక్కించాక, మిగిలిపోయిన ఇసుకతో, మిగిలిపోయిన సిమెంటుతో ముందువైపు కాలిబాట వేయించేయడం మన దగ్గర ఆనవాయితీ. హైదరాబాద్‌లోనైనా, విజయవాడలోనైనా, చిన్న మున్సిపాలిటీలోనైనా ఇదే వరస. ఏడాది తిరిగేసరికి ఒక పలక కుంగుతుంది, ఇంకో మూల లేస్తుంది, కెర్బు రాయి రోడ్డు వైపు ఒరుగుతుంది. అప్పుడు దాని మీద నున్నటి టైల్స్ పరిపిస్తారు. తొలి వానకు ఎవరో ఒకరు జారిపడతారు.

నాకిది చిన్న విషయంగా కనిపించదు. మీ షాపుకి వచ్చే మనిషి మొదట కాలు మోపేది అద్దాల తలుపు లోపల కాదు, ఈ కాలిబాట మీద. ఏమీ కొనకుండా దాటిపోయేవాళ్లకైతే మీ భవనంతో ఉండే సంబంధమంతా అదే. అందుకే సైటు మీద చెల్లుబాటయ్యే మాటలకు ఉల్టాగా ఉండే సలహాలు కొన్ని చెప్తున్నాను. ఇవి వింటే మీ మేస్త్రీ తల అడ్డంగా ఊపుతాడు. కారణం చెప్పండి. పని తెలిసిన మేస్త్రీ కారణం వింటాడు.

డబ్బు మట్టిలో పోయండి

ఇంకో అంగుళం మందం పెంచుదామా అని అడిగే ఓనర్లు చాలామంది. కింద ఏముందని అడిగేవాళ్లు తక్కువ. మనుషులు మాత్రమే నడిచే చోట నాలుగు అంగుళాలు, అంటే 100 మిల్లీమీటర్ల కాంక్రీటు సరిపోతుంది. పలక కుంగేది చాలాసార్లు మందం చాలక కాదు, కింద మట్టి దిగిపోయి. పునాది కోసం తవ్వి మళ్లీ పూడ్చిన మట్టి గోడ పక్కనే ఉంటుంది, కాలిబాట సరిగ్గా దాని మీదకే వస్తుంది. నీళ్ల లైనుకీ, డ్రైనేజీకీ, కరెంటు కేబులుకీ తవ్విన గోతులూ అక్కడివే. ఆ పూడిక మీద రెండు బిందెల నీళ్లు చల్లి, దిమ్మిసతో నాలుగు దెబ్బలు కొట్టి కాంక్రీటు వేస్తే, వానలు పడ్డాక మట్టి కూర్చుంటుంది, పలక మాత్రం గాల్లో నిలబడుతుంది. మడమతో తట్టి చూడండి, డొల్ల శబ్దం వస్తుంది. దాని మీదకు ఒక బరువైన బండి ఎక్కితే చాలు, విరుగుతుంది.

కాబట్టి పూడికను ఆరేసి అంగుళాల పొరలుగా వేయించండి. ప్రతి పొరనీ తడిపి, ప్లేట్ కాంపాక్టర్‌తో అణగగొట్టించాకే పై పొర. మీద నాలుగు అంగుళాల మొరం గానీ, సన్న కంకర, డస్టు కలిసిన పొర గానీ పరిచి మళ్లీ తొక్కించండి. గుంటూరు, ఆదిలాబాద్ వైపు నల్లరేగడి అయితే ఇంకా జాగ్రత్త కావాలి. వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిచ్చే ఆ నేల పైనున్న కాంక్రీటును ఎత్తి దించుతూనే ఉంటుంది. కనీసం ఒక అడుగు లోతు రేగడి తీయించి మొరంతో నింపించాలి. ఈ ఖర్చు ఎవరికీ కనపడదు. కనపడేది కాలిబాట కుంగకపోవడమే.

మట్టి పని అవుతుండగానే, అవసరం లేకపోయినా, కాలిబాట కింద నుంచి అడ్డంగా రెండు మూడు పీవీసీ పైపులు ఖాళీగా పాతించి మూతలు బిగించండి. రేపు ఇంటర్నెట్ వాడు వస్తాడు, ఎల్లుండి ఇంకో కనెక్షన్ వాడు వస్తాడు. వాళ్ల చేతిలో గునపం ఉంటుంది. పైపు ఉంటే కేబులు దూర్చుకుని పోతాడు, లేకపోతే మీ పలక పగులుతుంది.

ఇక ఇనుము. నడిచే భాగంలో ఇనుప జాలీ వేయించకండి. మామూలుగా దాన్ని నేల మీద పరిచి, పైన కాంక్రీటు గుమ్మరిస్తారు. అడుగున పడి ఉన్న ఆ జాలీ పైన వచ్చే పగుళ్లను ఏ మాత్రం పట్టి ఉంచదు. ఆ డబ్బు మొరానికి పెట్టండి. కార్లు సెల్లార్‌లోకి దిగే చోట మాత్రం మందం ఆరంగుళాలకు పెంచండి.

నీళ్లు తగ్గించండి

మిల్లర్ దగ్గర పది నిమిషాలు నిలబడితే సంగతి తెలిసిపోతుంది. కంకర, ఇసుక, సిమెంటు పడ్డాక ఒక కుర్రాడు బకెట్‌తో నీళ్లు పోస్తుంటాడు. అవతల పార పట్టినవాడు "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటాడు. మాలు పల్చగా జారితే లాగడం తేలిక, పట్టీ కొట్టడం తేలిక, సాయంత్రానికి పని తెమిలిపోతుంది. ఆ కుర్రాడిని తప్పుపట్టను. బస్తాకు ఎన్ని నీళ్లో అతనికి ఎవరూ చెప్పలేదు.

సిమెంటుతో రసాయనికంగా కలిసిపోయే నీళ్లు దాని బరువులో సుమారు పావు వంతే. మిగిలినదంతా కలపడానికీ పరచడానికీ వీలు కోసం. ఆ అదనపు నీళ్లు ఆవిరైపోతాయి, పోతూ లోపల సన్నటి ఖాళీలు వదిలిపోతాయి. కాంక్రీటు బలం తగ్గేదీ, కుంచించుకుని పగిలేదీ, పై పొర పొడిగా రాలేదీ వాటివల్లే. కాంక్రీటు పనికి భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం కొలతలతో కలిపే ఎం20 గ్రేడు కాంక్రీటుకు 50 కిలోల బస్తాకు నీళ్లు 30 లీటర్లు మించకూడదు. తడి ఇసుకలో ఉన్న నీళ్లు కూడా ఆ 30లోకే వస్తాయి. కాబట్టి బకెట్ మీద గీత పెట్టించండి. ఎన్ని బకెట్లో మేస్త్రీకి కాదు, ఆ కుర్రాడికే నేరుగా చెప్పండి. రెడీమిక్స్ తెప్పిస్తుంటే లారీ డ్రమ్ములోకి సైటు మీద గొట్టం పెట్టనివ్వకండి. జారుడు కావాలంటే ఆర్డరు ఇచ్చేటప్పుడే ప్లాంటుకు చెప్పాలి, వాళ్లు మందు కలిపి పంపుతారు.

సిమెంటు కూడా లెక్కకు మించి వేయించకండి. "ఇంకో బస్తా వేస్తే రాయిలా ఉంటుంది" అనే మాట నమ్మకండి. గుజ్జు ఎక్కువైన కొద్దీ కుదింపు ఎక్కువవుతుంది, కుదింపుతో పగుళ్లు పెరుగుతాయి.

ఏప్రిల్, మే నెలల్లో మిట్టమధ్యాహ్నం పని పెట్టుకోవద్దు. సాయంత్రం మొదలుపెట్టి రాత్రి దీపాల వెలుగులో చేయించండి. కూలీ కొంచెం ఎక్కువిస్తే వస్తారు. కింద మొరాన్ని ముందే తడపండి, అయితే నీళ్లు నిలవకూడదు. పొడి మొరం కాంక్రీటులోని తేమను పీల్చేస్తుంది.

నున్నగా చేయకండి

నా మాట మేస్త్రీలకు బాగా గుచ్చుకునేది ఇక్కడే. అద్దంలా తేల్చడం వాళ్లకు పనితనం, అది వాళ్ల గర్వం. ఆ గర్వం మీద నాకు గౌరవం ఉంది, లోపలి గచ్చు మీద అయితే చేతులు జోడిస్తాను. బయట, వానలో, రబ్బరు చెప్పులతో ఒక ముసలామె నడిచే చోట అది ప్రమాదం.

ఇక ఆ నున్నదనం ఎలా తెస్తారో చూడండి. కాంక్రీటు పరిచి పట్టీ కొట్టగానే పైకి నీరు తేలుతుంది. అది ఆరేదాకా ఆగే ఓపిక ఉండదు. చేతిలోకి పొడి సిమెంటు తీసుకుని పైన చల్లుతారు, నీరు పీల్చుకోగానే తాపీతో రుద్దుతారు. ఆ సాయంత్రం నిజంగానే మెరుస్తుంది. నిజానికి అక్కడ తయారైంది కింది కాంక్రీటుతో అతుక్కోని ఒక పలుచటి సిమెంటు పొర. ముందు దాని మీద సాలెగూడులాంటి గీతలు పడతాయి, తర్వాత చెక్కులుగా లేస్తుంది. పొడి సిమెంటు చల్లనివ్వనని మొదటి రోజే చెప్పేయండి. పైకి తేలిన నీరు దానంతటది పోయేదాకా తాపీ పెట్టనివ్వకండి. తర్వాత చెక్క తాపీతో మట్టం చేయించి, మామూలు కొబ్బరి ఈనెల చీపురుతో నడకకు అడ్డంగా ఒకే దిశలో గీయించండి. వేలితో రాస్తే గరుకు తెలియాలి. పాలిష్ గ్రానైట్, మెరిసే టైలు గుమ్మం లోపలికే పరిమితం చేయండి.

పగిలే చోటు మీరే చెప్పండి

కాంక్రీటు కుంచించుకుంటుంది, ఎక్కడో ఒకచోట తెగుతుంది. ఎక్కడ తెగాలో మీరు చెప్పకపోతే మ్యాన్‌హోల్ మూల నుంచి ఏటవాలుగా తనే వెతుక్కుంటుంది. నాలుగు అంగుళాల పలకలో ఒక అంగుళం లోతు గాడి చాలు, ఆ కింద సన్నగా, తిన్నగా తెగుతుంది. బాట 1.8 మీటర్ల వెడల్పుంటే గాడులు కూడా 1.8 మీటర్లకొకటి, చదరాలు వచ్చేలా. మరునాడు తీరిగ్గా కోద్దామంటే ఎండాకాలంలో ఆలస్యమైపోతుంది. అంచులు ఊడకుండా కోయగలిగేంత గట్టిపడగానే కటింగ్ మిషన్ దిగాలి. భవనం గోడకీ, కరెంటు స్తంభానికీ, మ్యాన్‌హోల్‌కీ కాంక్రీటు అంటుకోకుండా మధ్యలో అర అంగుళం ఫిల్లర్ బోర్డు పెట్టించండి.

కానుగో తురాయో ఉంటే మొదలు చుట్టూ మీటరు నేల వదిలేయండి. ఢిల్లీలో 2013లో జాతీయ హరిత ట్రైబ్యునల్ చెట్ల చుట్టూ అంత మేర కాంక్రీటు తీసేయమని ఆదేశించింది. మనం ముందే వేయకపోతే తీసే పని ఉండదు.

ఎత్తు పెంచకండి

బైకులు ఎక్కకుండా అడుగున్నర ఎత్తు కట్టిస్తామంటారు. బైకులు ఎలాగూ ఏదో ఒక ర్యాంపు వెతుక్కుంటాయి. ఎక్కలేనిది మోకాళ్ల నొప్పులున్న మనిషి, చంకలో పిల్లాడున్న తల్లి, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లు. వాళ్లు రోడ్డు మీదకు దిగి బస్సుల పక్కన నడుస్తారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ఐఆర్‌సీ 103 కెర్బు ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదంటుంది. నడవడానికి ఖాళీ వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలంటుంది. బజారు వీధిలో అంతకంటే ఎక్కువ కావాలి. ఆ వెడల్పులో జనరేటరు, బొమ్మ మనిషి, ఆఫర్ల బోర్డు ఏవీ ఉండకూడదు. బైకులు ఆపాలంటే సెల్లార్‌లోని గోడౌన్ ఖాళీ చేసి పార్కింగ్ తెరవండి.

దిగే చోట వాటం 12కి 1 కంటే నిటారుగా ఉండకూడదు. అంటే 150 మిల్లీమీటర్ల ఎత్తుకు 1.8 మీటర్ల పొడవు ర్యాంపు కావాలి. మన షాపుల ముందు ఉండే గజం ర్యాంపు మీద చక్రాల కుర్చీ వెనక్కి దొర్లుతుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం వచ్చాక ఇది దయాదాక్షిణ్యాల విషయం కాదు. చూపులేనివారి కోసం గాడుల టైల్స్ దారికీ, బొడిపెల టైల్స్ హెచ్చరికకీ. వాటిని తిన్నగా తీసుకెళ్లి స్తంభానికి గుద్దించే వరసలు ఎన్ని చోట్ల కనపడతాయో! టైల్స్ పరిచాక కళ్లు మూసుకుని, చేతికర్రతో ఒకసారి నడిచి చూడండి.

సెల్లార్ దారి వచ్చినచోట కాలిబాటను తెంపకండి. బాట అదే ఎత్తులో సాగిపోవాలి, కారే ఎక్కి దిగాలి. డ్రైవరు కొంచెం నెమ్మదిస్తాడు, మనకు కావలసింది అదే.

మట్టం విషయంలోనూ ఇంతే. రసమట్టంలో బుడగ నడిమధ్యకు వస్తే అందరికీ తృప్తి. బాట అడ్డంగా 50కి 1 వాటం ఉండాలి, 1.8 మీటర్ల వెడల్పుకు 36 మిల్లీమీటర్ల దిగుడు, రోడ్డు వైపుకి. నడిచేవాడికి అది తెలియదు, నీళ్లకు తెలుస్తుంది. ఆ నీళ్లు దిగిపోవడానికి కెర్బులో అక్కడక్కడ సందులుండాలి. కెర్బు రాళ్లను చారెడు మాలు మీద నిలబెట్టి రంగు వేస్తే ఆటో చక్రం తగిలిన రోజే ఒరుగుతాయి. కింద కాంక్రీటు బెడ్డు, వెనక ఏటవాలుగా కాంక్రీటు ఆసరా ఉండాలి. కెర్బు ముందు, బాట తర్వాత. మీ ప్లాటు గీత దాటి కార్పొరేషన్ స్థలంలో పెట్టే ప్రతిదానికీ ముందే రాతపూర్వక అనుమతి తీసుకోండి.

ముహూర్తం పెట్టుకునే ముందు

పంతులుగారిని కలిసేముందు కాంక్రీటు తేదీ చూసుకోండి. మామూలు సిమెంటుకు ఐఎస్ 456 చెప్పే క్యూరింగ్ కనీసం 7 రోజులు. ఎండాకాలంలోనూ, మన దుకాణాల్లో ఎక్కువగా దొరికే, ఫ్లైయాష్ కలిసిన పీపీసీ సిమెంటుకూ కనీసం 10 రోజులు, వీలైతే 14. కలిపేటప్పుడు నీళ్లు పోయొద్దన్న నేనే ఇప్పుడు ఆపొద్దంటున్నాను. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి గొట్టంతో కొడితే మధ్యలో ఎండకు ఆరిపోతుంది, ఆ ఆరడం తడవడం మంచిది కాదు. గోనె సంచులు పరిచి, అవి ఎప్పుడూ తడిగా ఉండేలా ఒక మనిషిని పెట్టండి. ఆ మనిషి జీతం మొత్తం పనిలో అతి చౌకైన పద్దు.

మూడో రోజు నుంచి సంచుల మీదుగా మనుషులు నడవొచ్చు. కార్లు వారం దాకా వద్దు. అసలు భయం షాపు తెరిచే ముందు రాత్రి ఫర్నిచరుతో వచ్చే లారీది. దాని వెనక చక్రం కెర్బు అంచు ఎక్కితే 28 రోజులు నిండని కాంక్రీటు లోపల చిట్లుతుంది, ఆ రాత్రికి పైకి కనపడదు. లారీని రోడ్డు మీదే ఆపించి, సామాను చేతులతో మోయించండి.