ఊలు కానిదాన్ని ఊలు అని అమ్మేవారికి

అన్నోజిగూడ,
సంక్రాంతి వెళ్లిన వారం

అయ్యా,

మీ పేరు నాకు తెలియదు. దారం ఉండ చుట్టూ ‘ప్యూర్ వూల్’ అన్న కాగితం చుట్టి బజారుకు పంపేది మీరే. లోపల ఉన్నది యాక్రిలిక్ అని మీకు తెలుసు. తెలిసే చుడతారు. ఈ భోగినాడు ఆ దారం వల్ల మా అమ్మ మణికట్టు మీద పెసరగింజంత బొబ్బ లేచింది. అందుకే ఈ ఉత్తరం.

నేను పదహారేళ్లుగా స్వెటర్లు అల్లుతున్నాను. అందులో ఎక్కువ భాగం యాక్రిలిక్‌తోనే అల్లాను, యాక్రిలిక్ అని తెలిసే అల్లాను. ఈసారి మాత్రం అమ్మ కోసం అసలైన ఊలు కావాలని అడిగాను. దుకాణం ఆయన పై అరలోంచి మీ ఉండ తీసి ఇచ్చాడు. మామూలు ఉండకు మూడింతల ధర. పట్టుకుంటే మెత్తగా ఉంది, రంగు కంటికి హాయిగా ఉంది, కాగితం మీద గొర్రె బొమ్మ ఉంది. ధర ఇచ్చి తెచ్చుకున్నాను.

హైదరాబాద్‌లో స్వెటర్ ఎందుకమ్మా అని చాలామంది అడుగుతారు. ఈ నగరంలో 1946 జనవరిలో 6.1 డిగ్రీల చలి నమోదైంది. అంత చలి ప్రతి ఏడూ రాదు. కానీ ఉప్పల్ దాటి, బోడుప్పల్, మేడిపల్లి, నారపల్లి దాటి వరంగల్ రోడ్డు మీద మా వైపు వచ్చి చూడండి. ఇళ్లు పలచబడతాయి, ఖాళీ జాగాలు పెరుగుతాయి, చలిగాలికి అడ్డం ఉండదు. డిసెంబర్‌లో తెల్లారి ఆరింటికి స్కూటీ మీద ఉప్పల్ దాకా వెళ్లేసరికి బ్రేకు పట్టుకున్న చేతులు కొయ్యబారిపోతాయి.

అమ్మకి డెబ్బై నాలుగేళ్లు. చలికాలం వస్తే వేళ్ల కణుపులు పట్టేస్తాయి. నిండు గ్లౌజులు వేసుకుంటే పాల ప్యాకెట్ కత్తిరించలేదు, పూలు కట్టలేదు, చెల్లెలు ఫోన్ చేస్తే ఎత్తలేదు. అందుకని వేళ్లు బయటికి ఉండి, అరచేయీ మణికట్టూ వెచ్చగా ఉండే తొడుగులు అల్లాను. నలభై కుట్లతో ఎత్తుకుని, మణికట్టు దగ్గర బిగువుగా ఉండడానికి రెండు నిట్, రెండు పర్ల్ చొప్పున ఆరు సెంటీమీటర్లు అల్లి, బొటనవేలికి సందు వదిలి, వేళ్ల మొదట్లో ముగించాను. ఒక జతకి యాభై గ్రాముల దారం సరిపోతుంది. నాలుగు సాయంత్రాల పని. అమ్మ వాటిని తొడుక్కుని రెండు చేతులూ ముఖానికి ఆనించుకుంది. అల్లేవాళ్లకి అంతకు మించిన కూలి లేదు.

భోగినాడు తెల్లవారుజామున కాలనీ మధ్యలో మంట వేశాం. పండక్కి భువనగిరి వైపు ఊరి నుంచి మా పెద్దనాయన వచ్చాడు. ఆయన భుజాన పాత నల్ల గొంగడి. అమ్మ చేతులకు నా తొడుగులు. ఇద్దరూ పక్కపక్కనే నిలబడ్డారు. ఎండిన కట్టె ఒకటి ఫెటిల్లున పేలి నిప్పురవ్వలు ఎగిరాయి. ఒకటి గొంగడి మీద పడింది. వెంట్రుక కాలిన వాసన వచ్చింది, పెద్దనాయన చేత్తో దులిపాడు, నల్లటి పొడి రాలింది, అంతే. ఇంకొకటి అమ్మ మణికట్టు మీద పడింది. అక్కడ దారం కరిగి బొట్టయింది, ఆ బొట్టు చర్మానికి అతుక్కుంది. అమ్మ అరిచిన అరుపు నాకు ఇంకా వినిపిస్తోంది. తొడుగు లాగితే పైచర్మం కూడా కొంచెం వచ్చింది.

పెద్దనాయన ఆ తొడుగు తీసుకుని గట్టిపడిన బొట్టుని గోటితో గీరి చూశాడు. “ఇది గొర్రెబొచ్చు గాదు బిడ్డా. బొచ్చు గిట్ల అంటుకోదు,” అన్నాడు.

ఆ సాయంత్రం మిగిలిన దారంలోంచి జానెడు ముక్క కత్తిరించి పట్టకారుతో దీపం మీద పెట్టాను. మంట అంటుకుని పైకి పాకింది, నల్ల పొగ వచ్చింది, ఘాటుగా రసాయనం వాసన కొట్టింది, చివర గట్టి పూస మిగిలింది. గొంగడి అంచులోంచి రాలిన పోగు పెట్టాను. కాస్త కాలింది, మంట నుంచి తీయగానే ఆరిపోయింది, నలిపితే బూడిదైంది. ఇంకో గొంగడి పోగునీ, మీ దారం ముక్కనీ బట్టలు తెల్లబరిచే బ్లీచింగ్ ద్రావణంలో వేశాను. గొంగడి పోగు కాసేపటికి కరిగిపోయింది. మీ దారం మర్నాటికి కూడా అలాగే ఉంది. ఊలు, వెంట్రుక, గోరు అన్నీ కెరటిన్ అనే ప్రోటీన్. బ్లీచింగ్ ప్రోటీన్‌ని తినేస్తుంది. మీ దారంలో దానికి తినడానికి ఏమీ దొరకలేదు.

యాక్రిలిక్‌తో నాకు తగాదా లేదని ముందే చెబుతున్నాను. పెట్రోలియం నుంచి తీసిన అక్రిలోనైట్రైల్‌తో చేసే ఈ దారాన్ని 1950లో అమెరికాలో డుపాంట్ కంపెనీ ఆర్లాన్ అనే పేరుతో బజారుకు తెచ్చింది. ఊలులాగా ఉబ్బెత్తుగా ఉంటుంది, చవక, మెషీన్‌లో ఉతకవచ్చు, పురుగు పట్టదు, కొందరికి ఊలు వల్ల వచ్చే దురద దీనితో రాదు. అల్లిక నేర్చుకునే పిల్లకి మొదటి ఉండగా నేను ఇదే ఇస్తాను. పది రోజులు విప్పి అల్లి, విప్పి అల్లి పాడుచేసినా బాధ ఉండదు. దాని పేరు దానికి ఉంటే చాలు. యాక్రిలిక్ అని రాసి ఉంటే పొయ్యి దగ్గరికి, మంట దగ్గరికి వెళ్లే మనిషికి దానితో అల్లను. ఆ ఎంపిక నా చేతిలో ఉండాలి. మీరు ఆ కాగితంతో దాన్ని లాక్కున్నారు.

చేత్తో అల్లే స్వెటర్ ఎంత పనో మీరు ఎప్పుడైనా లెక్క వేశారా? నాలుగు మిల్లీమీటర్ల సూదులతో పది సెంటీమీటర్లకు 22 కుట్లు, 28 వరసలు వస్తాయనుకోండి. నూరు సెంటీమీటర్ల ఛాతీకి చుట్టూ 220 కుట్లు. అరవై సెంటీమీటర్ల పొడవుకి 168 వరసలు. ఒంటి భాగానికే దాదాపు 37 వేల కుట్లు. రెండు చేతులూ కలిపితే యాభై వేలు దాటుతాయి. ఒక్కొక్కటీ వేలితో దారం బిగువు సరిచూసుకుంటూ వేసిందే. ఊలుతో అల్లితే చివర్లో దాన్ని తడిపి, పరిచి, గుండుసూదులతో కొలతకు లాగి ఆరబెడతాం. ఆరాక అదే ఆకారంలో నిలబడుతుంది, వంకర కుట్లు కూడా సర్దుకుంటాయి. మీ దారంతో అల్లినదాన్ని ఎంత తడిపినా ఆరగానే మొదటికే వస్తుంది. ఇస్త్రీ పెడితే దారంలో జీవం పోయి జావకారుతుంది, ఇక తిరిగి రాదు. ఊలు తన బరువులో మూడో వంతు దాకా తేమ పీల్చుకుని కూడా ఒంటికి తడిగా తగలదు. యాక్రిలిక్ పీల్చుకునేది నూటికి రెండు పాళ్లు. చెమట పట్టిన ముసలి ఒంటికి ఆ తేడా తెల్లవారుజామున తెలుస్తుంది.

ఇంకో సంగతి. 2016లో ఇంగ్లండ్‌లోని ప్లిమత్ విశ్వవిద్యాలయం వాళ్లు ఆరు కిలోల యాక్రిలిక్ బట్టలు ఒక్కసారి మెషీన్‌లో ఉతికితే ఏడు లక్షలకు పైగా సన్నటి పోగులు నీళ్లలోకి పోవచ్చని లెక్క కట్టారు. మా నీళ్లు పోయేది మూసీకి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించే మాట చెప్పనివ్వండి. మీరు వాడుకుంటున్న ఆ పేరుకు యజమానులు ఉన్నారు. తెలుగులో ‘ఉన్ని’ పాత మాట, సంస్కృతంలోని ఊర్ణ నుంచి వచ్చింది. సాలీడుని ఊర్ణనాభం అన్నదీ అందుకే. ‘ఊలు’ ఇంగ్లీషు నుంచి వచ్చి మన ఇళ్లలో స్థిరపడింది. మా అమ్మ తరానికి ఊలు అంటే గొర్రె ఒంటి మీది ఊలే. ఇప్పుడు ఏ దుకాణానికి వెళ్లి ఊలు అడిగినా ఉబ్బెత్తుగా ఉన్న దారం ఏదైనా ఇస్తారు. మాట అలాగే ఉంది, గొర్రె జారిపోయింది.

ఆ గొర్రె మన గొర్రే. తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్రల మీదుగా పరచుకున్న ఈ పీఠభూమి మీద తరతరాలుగా మేసింది డెక్కనీ గొర్రె. దాని బొచ్చు నలుపు, ముతక. ఏడాదికి రెండుసార్లు కత్తెరతో తీస్తారు. గొర్రెలు కాసే కురుమల ఇళ్లలో ఆడవాళ్లు ఏకి, రాట్నం మీద వడికేవారు. పడుగుకి చింతగింజల గంజి పట్టించి, ఆరబెట్టి, నేసేవారు. అలా వచ్చిన గొంగడి కాపరికి వానలో గొడుగు, రాత్రి దుప్పటి, చేలగట్టు మీద పరుపు. మల్లన్న, బీరప్ప కొలుపుల్లో దానికి చోటుంది. గద్దర్‌ని తలచుకుంటే మనకి మొదట కనిపించేది ఆ భుజం మీది గొంగడి. గొంగట్లో అన్నం తింటూ వెంట్రుకలు ఏరినట్టు అని సామెత చెప్పుకున్న జాతి మనది. తోటలో పాకే పురుగుకి కూడా గొంగళి పేరు పెట్టుకున్నాం. ఇంటింటా ఉన్ని ఉంటే తప్ప ఇలాంటి మాటలు పుట్టవు.

ఇప్పుడా బొచ్చుని అడిగేవాళ్లు లేరు. కత్తిరించినవాడి కూలి కూడా గిట్టక చాలాచోట్ల పారేస్తున్నారు. మాంసానికి గిరాకీ పెరిగి, బొచ్చులేని నెల్లూరు జాతి గొర్రెలు మందల్లో నిండాయి. మిల్లు దుప్పట్లు వచ్చాయి, ప్లాస్టిక్ పట్టాలు వచ్చాయి. ఇదంతా మీ ఒక్కరి తప్పని నేను అనను. కానీ ఊలు కావాలని మూడింతల ధర పట్టుకుని బజారుకు వచ్చిన నాలాంటి మనిషి డబ్బు ఆ గొర్రె వైపు పోవాలి. దారి మధ్యలో గొర్రె బొమ్మ చూపించి మీరు పట్టేస్తున్నారు. పెద్దనాయన చేతిలో బొచ్చుకి విలువ లేదు, మీ కాగితం మీది బొమ్మకి విలువ ఉంది. ఇది నాకు సహించరానిదిగా ఉంది.

కల్తీ భయం కొత్తది కాదు. కృత్రిమ దారాలు ముంచుకొస్తుంటే అసలైన ఊలును జనం గుర్తుపట్టాలనే 1964లో వూల్‌మార్క్ ముద్రను తెచ్చారు. మన దగ్గర చట్టమూ ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సరుకు దేనితో చేశారో తప్పుగా చెప్పి అమ్మడం అనుచిత వ్యాపార పద్ధతి. తప్పుదోవ పట్టించే ప్రకటనకు మొదటిసారి 10 లక్షల రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. ఫిర్యాదుకి 1915 నంబర్ ఉంది. నేను ఫోన్ చేశాను, రసీదు, కాగితం, కరిగిన తొడుగు దాచిపెట్టాను. మీకు తెలియకుండా ఆ పని చేయడం నాకు ఇష్టం లేదు, అందుకే ఇక్కడ చెబుతున్నాను.

నేను కోరేది చిన్నది. యాక్రిలిక్ ఉండ మీద తెలుగులో, చదవగలిగే అక్షరాల్లో యాక్రిలిక్ అని వేయండి. కలిపి వడికితే ఏది ఎంత శాతమో వేయండి. గొర్రె బొమ్మ గొర్రెకి వదిలేయండి.

అమ్మ బొబ్బ మానుతోంది. పెద్దనాయన ఊరికి వెళ్లి, తెలిసినవాళ్ల ఇంట్లో అటక మీద మిగిలి ఉన్న చేతివడుకు దారం ఒక చిన్న కట్ట పంపించాడు. నల్లటిది, ముతక, గొర్రె వాసన ఇంకా పోలేదు. దానితోనే కొత్త జత ఎత్తుకున్నాను. గరుకు తగలకుండా లోపల అమ్మ పాత నూలు చీర ముక్క వేసి కుడుతున్నాను. ఎడమ చేతిది అయింది. కుడిచేతిది బొటనవేలి సందు దగ్గర ఉంది.

మెడకి తగిలే స్వెటర్‌కి మాత్రం ఈ ముతక దారం పనికిరాదు. అమ్మకి 450 గ్రాముల మెత్తటి ఊలు కావాలి, బూడిద రంగుదైనా తేనె రంగుదైనా సరే. మీ దగ్గర నిజంగా ఉంటే ధర ఎంతో చెప్పండి. కొంటాను. ముందు జానెడు ముక్క పంపండి, దీపం మీద పెట్టి చూసి డబ్బు పంపిస్తాను.

ఇట్లు,
అన్నోజిగూడ నుంచి స్వెటర్లు అల్లే ఒక కూతురు