పట్టికలో గడి లేదు!

మూకహత్యలు ఆపండని సుప్రీంకోర్టు 2018 జులైలో గట్టిగానే చెప్పింది. జిల్లాకో నోడల్ అధికారి ఉండాలంది, అదీ ఎస్పీ హోదాకు తగ్గకుండా. ప్రత్యేక చట్టం చేయమని పార్లమెంటుకు సూచించింది. కేంద్రం ఊరుకుంటుందా? ఆ నెలలోనే మంత్రుల బృందాన్ని వేసింది. బృందం పడ్డాక పని అయిపోయినట్టే కదా!

ఎందరు పోయారని సభలో అడిగితే, నేర గణాంకాల సంస్థ ఆ లెక్క విడిగా పెట్టదని జవాబు. చోరీకి గురైన సైకిలుకూ పశువుకూ ఆ పట్టికల్లో గడి ఉంది. మూక కొట్టి చంపిన మనిషికే లేదు.

2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఐదుగురో ఆపైనో కలిసి ఫలానా కారణాలతో చంపితే ఉరిదాకా శిక్ష రాశారు. ఆ కారణాల్లో కులం, భాష, పుట్టినచోటు పేరుపేరునా ఉన్నాయి. మతం మాత్రం కనబడదు. 'అలాంటి ఇతర కారణాల్లో' ఎక్కడో ఇరుక్కుని ఉంటుంది, ఓపికుంటే వెతుక్కోవాలి.

అన్నట్టు, పిల్లల దొంగలొచ్చారని 2018లో వాట్సాప్ పుకార్లు లేస్తే గద్వాల పోలీసులు ఊరూరా డప్పు కొట్టి, పాటలు పాడి, అవి నమ్మి ఎవరినీ కొట్టొద్దని జనానికి నచ్చజెప్పారు. ఏ బృందం సిఫార్సు చేసిందో మరి!